ముందు మెయిల్ సంగతి చూసుకో

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగంలో చేరగానే పీఎఫ్, జీతం ఖాతా, ఆఫీసు మెయిల్ అంటూ ఇన్ని లాగిన్లు మీద పడ్డాయని, పాస్‌వర్డ్‌లు ఎలా పెట్టుకోవాలని అడిగావు. బ్యాంకు కంప్యూటర్ సెక్షన్‌లో చేసినవాణ్ని కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నీ జీమెయిల్ సంగతి చూడు. ఏ సైటులో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కినా, కొత్తది పెట్టుకునే లింకు సాధారణంగా మెయిల్‌కే వస్తుంది. అది వేరేవాళ్ల చేతిలో పడితే మిగతావి పడటానికి ఎంతోసేపు పట్టదు. అందుకే దాని పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకు. ఏదో చిన్న షాపింగ్ సైటులో లీకైనవాటిని తెచ్చి మెయిళ్ల మీద, బ్యాంకు ఖాతాల మీద వరసపెట్టి ప్రయత్నిస్తారు. అదీ మనిషి కూర్చుని చేసే పని కాదు, ప్రోగ్రామ్ చేసేస్తుంది.

మనవాళ్లకి అలవాటైన పద్ధతి ఒకటుంది: పేరు, ఎట్ ద రేట్, పుట్టిన సంవత్సరం. పెద్దక్షరం, గుర్తు, అంకె అన్నీ ఉన్నాయి కదా అని చాలా సైట్లు దాన్ని ఒప్పేసుకుంటాయి. మరి ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి ఏం కొడతాం? పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన ఏడాది. ప్రింటు తీసే నెట్ సెంటర్ కుర్రాడికి మనం చెప్పక్కర్లేదు, కార్డు చూసి తనే కొట్టేస్తాడు. అలాంటిది రహస్యమెలా అవుతుంది? బండి నంబరు, ఇష్టదైవం కూడా అంతే.

నీతో ఏ సంబంధమూ లేని మాటలు ఏరుకో. పాత వారపత్రికలో కళ్లు మూసుకుని వేలు పెట్టు, వేలు ఏ మాట మీద పడితే అది. 'గొడుగు తహసీల్దారు చింతపిక్క ఆవలింత కిటికీ' అని వచ్చిందనుకో, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టు. నవ్వొస్తుంది, కాబట్టి గుర్తుంటుంది. (ఇదే పెట్టుకోకు, నాకు తెలిసిపోయింది.) ఆరంకెల నంబరుకు ఉన్న అవకాశాలు 10 లక్షలే. రెండు వేల మాటల్లోంచి నాలుగు ఇలా గుడ్డిగా తీస్తే 16 లక్షల కోట్లు, అయిదో మాటతో దానికి మరో రెండు వేల రెట్లు. మాటలు నచ్చలేదని మార్చావో, ఈ లెక్క చెల్లదు. సామెతలు, పాటల పల్లవులు అసలే వద్దు.

మిగతా ఖాతాలన్నిటికీ పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ పెట్టుకో, పాస్‌వర్డ్‌లు అదే తయారుచేసి గుర్తుపెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి మార్చాలన్న టెన్షన్ వద్దు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఆ నియమం అక్కర్లేదంది. లీకైందని తెలిస్తే మాత్రం వెంటనే మార్చాలి. ఆఫీసువాళ్లు మార్చమంటే, పాపం, మార్చక తప్పదనుకో.

మెయిల్‌కి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌తో రెండోసారి నువ్వేనని రుజువు చేసుకోవడం) పెట్టాక, ఓటీపీ ఎవరడిగినా, బ్యాంకు నుంచే అన్నా, చెప్పకు. డబ్బు పోయిందంటే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చెయ్. ఫోన్ పోయినా మెయిల్ తెరుచుకోవడానికి బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, వాటిని ఫోన్‌లో ఫొటో తీసి ఊరుకోకు. కాగితం మీద రాసి అమ్మకిస్తే బీరువాలో పెడుతుంది.

మీ పెదనాన్న