పాత బ్రిటిష్ బీరు ధరల పట్టికల్లో 1035, 1055 అంటే ఏమిటి?

మీరు అడిగిన ఆ అంకెలు సంవత్సరాలు కావు, ఘాటు లెక్కలు. నీటి సాంద్రత 1000 అనుకుంటే, ఈస్ట్ వేయకముందు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసం ఎంత చిక్కగా ఉందో అవి చెబుతాయి. ఈస్ట్ అందులోని చక్కెరలో చాలావరకు తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. 1040తో మొదలైన రసం 1010 దగ్గర ఆగితే, ఆల్కహాల్ దాదాపు 4 శాతం.

లండన్‌లోని ఫుల్లర్స్ బీరు కంపెనీనే తీసుకోండి. 1970ల తర్వాత వాళ్ల చిజిక్ బిట్టర్ సుమారు 1035, లండన్ ప్రైడ్ సుమారు 1041, ఈఎస్‌బీ (ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్) అనే బీరు సుమారు 1055. అంటే ఈఎస్‌బీలో 5.5 శాతం వరకు ఆల్కహాల్. పింట్‌కు (సుమారు 568 మి.లీ. గ్లాసు) అది చాలా ఎక్కువే.

ధరకు అసలు కీలకం పన్ను. 1880లో బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ బీరు పన్నును ఈ చిక్కదనానికే ముడిపెట్టాడు, 1993 వరకు అదే పద్ధతి. రసం చిక్కనైతే మాల్ట్ ఖర్చూ పెరిగేది, పన్నూ పెరిగేది. 1914 నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధం కోసం స్టాండర్డ్ బ్యారెల్ (పన్ను లెక్కకు వాడే, 1055 చిక్కదనం ఉన్న 36 గ్యాలన్ల బీరు) పన్నును 7 షిల్లింగుల 9 పెన్స్ (అప్పట్లో షిల్లింగుకు 12 పెన్స్) నుంచి ఒక్కసారిగా 23 షిల్లింగులకు పెంచారు. యుద్ధం సాగేకొద్దీ బీరు పలచబడింది, ధర మాత్రం పెరిగింది.

చాలాకాలం పాటు తాగేవాళ్లకు ఈ అంకెలు తెలియనిచ్చేవారు కాదు, ఇది నిజంగా అన్యాయం. 1971లో పుట్టిన కామ్రా అనే బీరు ప్రియుల ఉద్యమం తన బీరు గైడ్‌లో వాటిని అచ్చువేసి మంచి పని చేసింది.

ఇంకొకటి, 1971 ఫిబ్రవరికి ముందు పట్టికల్లో 1/8 అని కనిపిస్తే అది భిన్నం కాదు. 1 షిల్లింగు 8 పెన్స్, అంటే 20 పాత పెన్స్; పౌండుకు 240 పెన్స్ బదులు 100 పెన్స్ అయిన కొత్త లెక్కలో 8 పెన్స్ పైచిలుకు.