రాజుకి, పోప్‌కి మధ్య మాన్యాల తగువు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీలో చరిత్ర చదువుతున్నాడండీ. జర్మనీ రాజు నాలుగో హెన్రీ, పోప్ కోట ముందు చెప్పుల్లేకుండా మంచులో 3 రోజులు నిలబడ్డాడట. బిషప్‌కి ఉంగరం, చేతికర్ర ఎవరివ్వాలన్న గొడవేనట. సైన్యం ఉన్న రాజుకి ఇదేం ఖర్మ?
ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందు చిన్న దిద్దుబాటు. ఆ కోట పోప్‌ది కాదండీ, ఇటలీలోని కనోసాలో మెటిల్డా అనే దొరసానిది. పోప్ ఏడో గ్రెగరీ అప్పుడు అక్కడ బస చేశాడు. 1077 జనవరి. మనం అరకు చలికే రెండు దుప్పట్లు కప్పుకుంటాం, హెన్రీ ఆల్ప్స్ కొండలు దాటుకుని మరీ వెళ్లాడు.

గుడికి మాన్యం ఉంటే అర్చకుణ్ణి ఎవరు పెట్టాలని ఊళ్లో ఎంత రచ్చ అవుతుందో మీకు తెలుసు కదా. అక్కడ పెద్ద బిషప్పుల మాన్యమంటే ఎకరం, రెండెకరాలు కాదు, మీ బొబ్బిలి సంస్థానం లాంటిదనుకోండి. శిస్తు వస్తుంది, యుద్ధమొస్తే రాజుకి సైన్యం పంపాలి. పైగా బిషప్‌కి పెళ్లి కూడదు కాబట్టి వారసుల బెడద లేదు, ఆయన పోతే ఆ పదవికి మళ్లీ తనవాణ్ణే చూసుకోవచ్చు. అదే ఏ జమీందారుకో ఇస్తే కొడుకు, మనవడు పట్టుకు కూర్చుంటారు. అందుకే రాజులు తమ మనుషుల్ని బిషప్పులుగా పెట్టుకుని, ఆ పదవికి గుర్తులైన ఉంగరం, కర్ర స్వయంగా ఇచ్చేవారు. డబ్బు పుచ్చుకుని ఇచ్చినవీ ఉన్నాయి, గ్రెగరీకి ఒళ్లు మండిందీ అందుకే.

1075లో ఇటలీలోని మిలాన్‌కి హెన్రీ తన మనిషిని ఆర్చిబిషప్‌గా వేయడంతో తగువు ముదిరింది. మరుసటి జనవరిలో పోప్‌ని గద్దె దిగమన్నాడు. ఫిబ్రవరిలో పోప్ ఆయన్ని వెలివేసి, రాజుకి చేసిన ప్రమాణాలేవీ చెల్లవన్నాడు. సైన్యం ఉంది కదా అంటారు, ఆ సైన్యంలో చాలామంది సామంతుల మనుషులే! వాళ్లకి కావాల్సిన సాకు దొరికింది, ఏడాదిలోగా వెలి తీయించుకోకపోతే వేరే రాజుని చూసుకుంటామన్నారు. నన్నడిగితే ఆ మంచులో నిలబడటం పెద్ద ఎత్తు. క్షమించమని వాకిట్లో నిలబడ్డవాణ్ణి మతగురువు ఎలా కాదంటాడు? 1084 కల్లా హెన్రీ రోమ్‌ని పట్టుకుని, తను పెట్టుకున్న పోప్ చేతే చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు, గ్రెగరీ మరుసటేడు సలెర్నోలో పోయాడు.

రాజీ మాత్రం 1122లో, వర్మ్స్ పట్టణంలో, హెన్రీ కొడుకు ఐదో హెన్రీకీ పోప్ రెండో కలిక్స్టస్‌కీ కుదిరింది. ఉంగరం, కర్ర చర్చి ఇస్తుంది. మాన్యాల హక్కుకి గుర్తుగా రాజు రాజదండం ఇస్తాడు. జర్మనీలో బిషప్ ఎన్నిక రాజు సమక్షంలోనే జరగాలి. రాజు ఎదురుగా కూర్చునుంటే ఎవరు గెలుస్తారో మీ అబ్బాయినే అడగండి.