షాడోబాక్స్‌లో అటోచా వెండి నాణెం నల్లబడుతోందా? తప్పు నాణేనిది కాదు

షాడోబాక్స్‌లో, అంటే ముందు గాజు ఉన్న ప్రదర్శన పెట్టెలో, ఓడ నమూనాతో పాటు పెట్టిన అటోచా (మునిగిపోయిన స్పానిష్ ఓడ) నాణెం నల్లబడుతోందని మీరు అడిగారు. మీరు చెప్పిన పెట్టెలో ఓడ నమూనా వెనుక ఉన్ని ఫెల్ట్, అంచుకు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక), నాణేనికి రబ్బరు జిగురు. నలుపుకు ముఖ్య కారణం ఫెల్టూ జిగురూ. వాటి నుంచి వచ్చే గంధకపు ఆవిరి వెండిని సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఎండీఎఫ్ ఆమ్లపు ఆవిరి వెండిని పెద్దగా తాకదు కానీ, పక్కన సీసపు గుండు పెడితే దాన్ని తెల్లటి పొడిగా తినేస్తుంది. ఓక్ చెక్కా అంతే.

ముందు నాణెం బయటికి తీయండి. డిప్ ద్రావణం (వెండిని ముంచి నలుపు తీసే రసాయనం), టూత్‌పేస్టు వద్దు. అటోచా 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగి, 1985లో ప్రధాన నిధి దొరికిన ఓడ. ఉప్పునీటిలో అరిగిన ఎనిమిది రియాల్ (నాటి స్పానిష్ డబ్బు) నాణెంపై ముద్ర రుద్దితే పోతుంది, దాంతో విలువా పోతుంది.

ఫెల్ట్ బదులు ఆమ్లరహిత మౌంట్ బోర్డుకు ఉతికిన నూలు గుడ్డ. ఎండీఎఫ్ లోపలి ముఖాలకు అల్యూమినియం పొర ఉన్న బ్యారియర్ ఫిల్మ్. వార్నిష్ ఒక్కటే చాలదు. నాణేన్ని 3 మి.మీ. అక్రిలిక్ పలకపై మూడు మైలార్ (పారదర్శక పాలిస్టర్ ఫిల్మ్) పట్టీలతో నిలపండి, జిగురు అసలొద్దు. గాజుకు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు. రంగు వేసిన ఓడను రెండు వారాలు బయట ఆరనిచ్చాకే మూయండి. ఎల్ఈడీ పెట్టె బయటే ఉండాలి.