ఓడే జట్టు కోసం తెల్లవారుజామున

ప్రశ్న: మా అబ్బాయి చికాగోలో ఉంటాడు. వాడి వల్ల నాకూ బేస్‌బాల్ పిచ్చి పట్టింది. 2024లో అక్కడి వైట్ సాక్స్ జట్టు వరసగా ఓడుతున్నా చివరి మ్యాచ్ దాకా చూశాను. "ఓడేవాళ్లని చూడ్డమేంటి" అని ఇంట్లో ఇప్పటికీ అంటారు. నాది తప్పా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: తప్పేం లేదండీ, నేనూ చూశాను. అక్కడ సాయంత్రం 6:40కి మొదలైతే మనకి మర్నాడు పొద్దున్న 5:10. మా పాలకొల్లు వీధిలో పాలవాడి సైకిల్ బెల్లు మోగే వేళ. ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను, గుండెల్లో టెన్షన్. 162 మ్యాచ్‌ల్లో 121 ఓటములు! ఆధునిక బేస్‌బాల్‌లో అప్పటిదాకా రికార్డు 1962లో న్యూయార్క్ మెట్స్ జట్టు ఓడిన 120, దానికంటే ఒకటి ఎక్కువ. ఆ 121వది డెట్రాయిట్‌లో జరిగిన రోజు నాకు అన్నం సయించలేదు.

కానీ ఆ ఆఖరి వారం గుర్తుందా? ఆ 121వ ఓటమికి ముందే సొంత మైదానంలో ఏంజెల్స్ జట్టు మీద మూడుకి మూడూ గెలిచారు. డెట్రాయిట్‌లో మిగిలిన రెండూ గెలిచారు. చివరి ఆరింట్లో ఐదు! మధ్యలో వదిలేసినవాళ్లకి ఆ ఐదు పొద్దులూ దక్కలేదు. సార్వా వరదకి పోయినా దాళ్వాకి నారు పోసే ఊళ్లు మనవి, ఇంట్లో అదే చెప్పండి. ఈసారి మ్యాచ్ మొదలవగానే మీవాడికి ఫోన్ చేయండి, ఇద్దరూ కలిసే చూడండి.