కాన్సస్ 1861 దాకా ఎందుకు ఆగింది?

అడ్డు పడింది కాన్సస్ ప్రజలు కాదు, అమెరికా సెనేట్. 1859లోనే ఓటర్లు రాజ్యాంగాన్ని ఆమోదించినా రాష్ట్ర హోదాకు 1861 దాకా ఎందుకు ఆగవలసి వచ్చిందన్నది మీ ప్రశ్న.

చాలామంది వదిలేసే మెట్టు ఇది: టెరిటరీ (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం) రాజ్యాంగం రాసుకున్నంత మాత్రాన రాష్ట్రం కాదు, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లోని ఉభయ సభలూ, అంటే ప్రతినిధుల సభ, సెనేట్, చేర్చుకోవాలి. ప్రతినిధుల సభలో సీట్లు జనాభాను బట్టి వస్తాయి, అక్కడ ఉత్తరాదిదే పైచేయి. సెనేట్‌లో మాత్రం ఎంత చిన్న రాష్ట్రానికైనా ఇద్దరు సభ్యులు. అందుకే బానిసత్వాన్ని కాపాడుకోవాలనుకున్న దక్షిణాది నాయకులకు సెనేటే కోట. 1850లో కాలిఫోర్నియా, 1858లో మిన్నెసోటా, 1859లో ఓరెగాన్ బానిసత్వం లేని రాష్ట్రాలుగా చేరడంతో ఆ కోట బీటలు వారింది.

ఇక వరుస చూడండి:

1. 1857: బానిసత్వాన్ని అనుమతించే లెకాంప్టన్ రాజ్యాంగం. సెనేట్ సరేనంది, ప్రతినిధుల సభ అడ్డుకుంది. 1858 ఆగస్టులో మళ్లీ ఓటుకు వస్తే కాన్సస్ ప్రజలు భారీ ఆధిక్యంతో తోసిపుచ్చారు.
2. 1859: బానిసత్వాన్ని నిషేధించిన వయండాట్ రాజ్యాంగం. మీరు అడిగింది దీని గురించే. 1860లో ప్రతినిధుల సభ ఆమోదించింది, సెనేట్ కదలనివ్వలేదు.
3. 1861 జనవరి 21: తమ రాష్ట్రాలు అమెరికా నుంచి విడిపోవడంతో మిసిసిపీ సెనేటర్ జెఫర్సన్ డేవిస్‌తో పాటు మరికొందరు దక్షిణాది సెనేటర్లు సభను వీడారు. అదే రోజు సెనేట్‌లో బిల్లు గట్టెక్కింది. 29న అధ్యక్షుడు బుకానన్ సంతకంతో కాన్సస్ 34వ రాష్ట్రమైంది.