మాత్రలు వేసుకుంటున్నా నాన్నగారి కాళ్ల వాపు తగ్గడం లేదన్నవారికి

కారణం చాలావరకు ఉప్పే. గుండె వైఫల్యానికి నీరు తీసే మాత్ర వాడుతున్నా వాపు, రాత్రి ఆయాసం ఉన్నాయన్నారు. కూరలో ఉప్పు తగ్గించారు సరే, మరి ఎండుచేప, ఆవకాయ, అప్పడం? అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదు.

అందరూ వదిలేసేది బరువు చూడటం. వాపు కంటికి కనిపించేసరికే ఒంట్లో చాలా నీరు చేరిపోతుంది. తూకం ముందే చెబుతుంది.

1. రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే యంత్రంపై, ఒకే రకం బట్టలతో తూచండి.
2. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. గుర్తుంటుందని వదిలేయవద్దు.
3. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే, వాపు లేకపోయినా, ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకుంటున్నారా? అవి ఒంట్లో నీటిని నిలబెడతాయి. మీది సోంపేట అన్నారు. ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కనుక డాక్టర్‌ను అడగకుండా ‘తక్కువ సోడియం ఉప్పు’ కొనవద్దు. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుని గుండెకు ప్రమాదం.

రాత్రి ఆయాసం ఉంది కాబట్టి రేపే చూపించండి. ఊపిరి అందకపోతే కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.