శాంక్షన్: అనుమతా, శిక్షా?

ప్రశ్న: అంతర్జాతీయ వ్యవహారాల మీద ఇంగ్లీషులో వచ్చే వ్యాసాలను తెలుగు చేయడం నేర్చుకుంటున్నాను. 1990 నాటి గల్ఫ్ సంక్షోభం గురించి చదువుతుండగా ఒకచోట ‘యూఎన్ శాంక్షన్డ్ ఇరాక్’ అనీ, అదే పేజీలో కొంచెం కింద ‘యూఎన్-శాంక్షన్డ్ వార్’ అనీ కనబడింది. ఆంక్షలు విధించడమని అర్థం చెప్పుకుంటే రెండోది పొసగడం లేదు. అనుమతించడమని చెప్పుకుంటే మొదటిది తలకిందులవుతోంది. ఒకే క్రియకు ఇలా ఎదురెదురు అర్థాలు ఎలా వచ్చాయి? ఎక్కడ ఏ అర్థమో తేల్చుకోవడానికి గురుతేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు ఎదురైన రెండు ప్రయోగాలూ సరైనవే, రెండూ జరిగిన సంగతినే చెబుతున్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించగా, నాలుగు రోజులకే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 661వ తీర్మానంతో ఇరాక్‌తో వర్తకాన్ని దాదాపు పూర్తిగా నిలిపివేయించింది. ఇది శిక్ష. ఆ తరువాత నవంబరు 29న అదే మండలి 678వ తీర్మానంలో, 1991 జనవరి 15లోగా ఇరాక్ కువైట్‌ను విడిచి వెళ్లకపోతే అవసరమైన అన్ని మార్గాలనూ వినియోగించవచ్చునని సభ్యదేశాలకు చెప్పింది. ఇది అనుమతి. నాలుగు నెలలైనా నిండకముందే ఒకే సంస్థ ఒకే వ్యవహారంలో తీసుకున్న ఈ రెండు నిర్ణయాలనూ పత్రికల ఇంగ్లీషు ఒకే క్రియతో చెప్పగలుగుతోంది.

ఈ చిక్కు మాట పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో దీని మూలధాతువుకు పవిత్రం చేయడం, అతిక్రమించరానిదిగా శాసించడం అని అర్థం. రోమన్ల చట్టాలలో ఆ శాసనాన్ని మీరినవారికి పడే దండనను తెలిపే భాగాన్ని ‘శాంక్షియో’ అనేవారు. అంటే చట్టానికి బలమిచ్చేదీ, చట్టాన్ని మీరినవారిని దండించేదీ ఆ ఒక్క మాటే. 1713లో ఆస్ట్రియా ఏలిన ఆరవ చార్లెస్ చక్రవర్తి తన వారసత్వం కుమార్తెకైనా దక్కేలా జారీ చేసిన ‘ప్రాగ్మాటిక్ శాంక్షన్’లో ఆ మాటకు రాజశాసనమనే అర్థం, అందులో దండన ఊసే లేదు. ఇంగ్లీషు క్రియగానూ ఇది చాలాకాలం ఆమోదించడం, ఖాయపరచడం అనే అర్థంలోనే నడిచింది. బ్యాంకు రుణం ‘శాంక్షన్ అయింది’ అని మనం ఇవాళ కూడా అంటున్నది ఆ పాత అర్థంలోనే.

దండన అర్థం అంతర్జాతీయ రాజకీయాలలో ప్రధానంగా నామవాచకం ద్వారా, అదీ బహువచనంలో, స్థిరపడింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తినప్పుడు, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఇటలీ మీద ఆర్థిక ఆంక్షలు పెట్టింది. చమురును మాత్రం వాటిలో చేర్చలేదు. అడిస్ అబాబా పడిపోయాక 1936 జులైలో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. చర్యగా అది విఫలమైనా ‘శాంక్షన్స్’ అనే మాట మాత్రం వార్తల భాషలో పాతుకుపోయింది. ఫలానా దేశం మీద శాంక్షన్స్ విధించారని నాలుగు మాటల్లో చెప్పేదాన్ని ఒక్క క్రియతో తేల్చేయాలన్న తొందర తరువాత వచ్చింది. శీర్షికలో చోటు చాలని పత్రికలకు ఆ క్రియ బాగా అక్కరకొచ్చిందని నా ఉద్దేశం.

ఇక మీరడిగిన గురుతు. క్రియకు కర్మ ఏమిటో చూడండి. కర్మ స్థానంలో ఒక దేశం, మంత్రి, బ్యాంకు, ఓడ వంటి ‘చేసేవారు’ ఉంటే అది దాదాపు ఎప్పుడూ శిక్షే. దాడి, యుద్ధం, ఒప్పందం, ఎన్నిక వంటి ‘చేసే పని’ ఉంటే అది ఆమోదమే. ‘శాంక్షన్డ్ ట్యాంకర్’ ఆంక్షలకు గురైన ఓడ, ‘శాంక్షన్డ్ ఆపరేషన్’ పైవారి అనుమతి పొందిన చర్య. ఈ సూత్రం తడబడే చోటు కూడా ఒకటి ఉంది. ‘యూఎన్-శాంక్షన్డ్ ఫోర్స్’ అన్నప్పుడు ఆ దళం చేసేవారి కోవలోదే అయినా, సమితి అనుమతితో ఏర్పడింది గనుక అర్థం ఆమోదం వైపే ఉంటుంది. అదే ‘యూఎన్-శాంక్షన్డ్ మిలీషియా’ అంటే సమితి ఆంక్షల జాబితాకెక్కిన సాయుధ ముఠా. ఇక్కడ వ్యాకరణం చేతులెత్తేస్తుంది. ఆ దళం ఎలా పుట్టిందో తెలిసినవారికే అర్థం చిక్కుతుంది.

‘స్టేట్-శాంక్షన్డ్’ విషయంలో మాత్రం సందేహం అక్కరలేదు. ‘స్టేట్-శాంక్షన్డ్ వయొలెన్స్’ అంటే ప్రభుత్వం శిక్షించిన హింస కాదు, ప్రభుత్వ ఆమోదం ఉన్న హింస. దీన్ని ‘స్టేట్-స్పాన్సర్డ్’తో కలిపేయకూడదు. ఆ రెండోదానిలో ప్రభుత్వం డబ్బో ఆయుధాలో సమకూర్చి వెనుక నుంచి నడిపించినట్లు, మొదటిదానిలో చేయనిచ్చినట్లు. నేరం ఎవరిదో తేల్చే వ్యాసంలో ఈ తేడా చాలా పెద్దది.

నామవాచకంలో ఏకవచన బహువచనాలే దారి చూపుతాయి. ‘వితౌట్ యూఎన్ శాంక్షన్’ అంటే సమితి అనుమతి లేకుండా అని. 1999లో యుగోస్లావియా మీద నాటో జరిపిన బాంబుదాడుల గురించి రాసేటప్పుడు ఈ ప్రయోగం కనిపిస్తుంది. ‘యూఎన్ శాంక్షన్స్’ అంటే సమితి ఆంక్షలు. ఒక్క ‘స్’ అక్షరాన్ని చూడకుండా దాటిపోతే వాక్యం మొత్తం తారుమారవుతుంది.

గమనించదగిన సంగతి మరొకటి ఉంది. పత్రికలు ఇంత ధారాళంగా వాడే ఈ మాటను దౌత్యపత్రాలు రాసేవారు వీలైనంతవరకు తప్పించుకుంటారు. సమితి అధికారపత్రంలో ఆంక్షలకు ఆధారమైన 41వ అధికరణంలో ‘మెజర్స్’, అంటే చర్యలు, అని మాత్రమే ఉంది. 661వ తీర్మానం వర్తకాన్ని ఆపడానికి ‘డిసైడ్స్’ అనే క్రియను, 678వ తీర్మానం బలప్రయోగానికి ‘ఆథరైజెస్’ అనే క్రియను వాడాయి. యూరోపియన్ యూనియన్ చట్టాలలో ‘రెస్ట్రిక్టివ్ మెజర్స్’ అంటారు. అమెరికా ఆర్థికశాఖ ఒకరిని ఆంక్షల జాబితాలో చేర్చినప్పుడు ‘డిజిగ్నేట్’ చేశామంటుంది. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు వ్యాసం పక్కన మూలపత్రాన్ని పెట్టుకుని, అందులోని క్రియను బట్టి తెలుగు చేయండి.

ప్రశ్న: మరి తెలుగులో ‘ఆంక్షలు’ అంటే సరిపోతుందా? ఎంబార్గో, రెస్ట్రిక్షన్స్, ఎక్స్‌పోర్ట్ కంట్రోల్స్ అన్నిటికీ పత్రికల్లో అదే కనిపిస్తోంది.

జవాబు: సరిపోదు. ఇంగ్లీషులో ఒక మాటకు రెండు అర్థాలైతే, మనం నాలుగు మాటలకు ఒకే మాట వాడుతున్నాం. రాకపోకల మీద పెట్టేవీ, రుణాల మీద పెట్టేవీ, శత్రుదేశం మీద పెట్టేవీ అన్నీ మనకు ఆంక్షలే. ఒక దేశం తన ఖనిజాల ఎగుమతిని తగ్గించుకుంటే అది తన సరుకు మీద తాను పెట్టుకున్న నియంత్రణ. దానిలో దండన ఉద్దేశం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. 1977లో 418వ తీర్మానంతో దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మరాదన్నది ఎంబార్గో, అంటే ఒక సరుకు మీద నిషేధం. అందుకని ఎగుమతి నియంత్రణలు, ఆయుధ నిషేధం అని విడివిడిగా రాసి, ‘ఆంక్షలు’ అనే మాటను దండనగా విధించేవాటికే అట్టిపెట్టుకోవడం మేలు. ‘శాంక్షన్’ ఆమోదం అర్థంలో వచ్చినప్పుడు ‘మంజూరు’ అని మాత్రం రాయకండి; మంజూరు చేసేది రుణాన్నీ సెలవునూ గానీ యుద్ధాన్ని కాదు. మీ రెండో వాక్యానికి ‘సమితి అనుమతితో జరిగిన యుద్ధం’ అన్నది చాలు.